అంబర్ ఏరుకుంటే ఉరి: ప్రష్యన్ తెగల నేల, ట్యూటానిక్ ఆర్డర్ సంపద



ప్రష్యా అనగానే మనకు జర్మన్ సైన్యం, బిస్మార్క్ గుర్తొస్తారు. కానీ అసలు ప్రష్యన్లు జర్మన్లు కానే కాదు. బాల్టిక్ సముద్రం ఒడ్డున, ఇప్పటి ఉత్తర పోలండ్, కలినిన్‌గ్రాడ్ ప్రాంతాల్లో బతికిన తెగలు వాళ్ళు. సాంబియన్లు, నతంగియన్లు, వార్మియన్లు, పొమెసానియన్లు... ఎవరి నేల వారిది, అందరికీ కలిపి ఒక రాజంటూ లేడు. చెట్ల తోపుల్లోనే దేవుళ్ళను కొలిచేవారు. భాష లిథువేనియన్‌కు చుట్టం.

ఇక ట్యూటానిక్ ఆర్డర్. 1190లో పాలస్తీనాలోని ఏకర్ దగ్గర జర్మన్ క్రూసేడర్ల కోసం పెట్టిన ఆసుపత్రి అది. 1198 కల్లా కత్తి పట్టిన సన్యాసుల సంఘమైంది. పోలండ్‌లోని మజోవియా పాలకుడు కొన్రాడ్‌కూ ప్రష్యన్లకూ దాడులు, ఎదురుదాడులు నడుస్తుండేవి. ఆయన ఈ ఆర్డర్‌ని సాయం పిలిచాడు. ఆర్డర్ పెద్ద హెర్మన్ ఫాన్ జాల్జా తెలివైనవాడు. ముందు కాగితాలు సంపాదించాడు. చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ నుంచి ఒకటి, 1234లో పోప్ తొమ్మిదో గ్రెగరీ నుంచి ఇంకొకటి. నేల ఇంకా ప్రష్యన్ల చేతిలోనే ఉంది, పట్టా మాత్రం వేరేవాళ్ళ పేర అయిపోయింది!

యుద్ధం యాభై ఏళ్ళు సాగింది. 1249 ఒప్పందంలో బాప్తిస్మం తీసుకున్నవాళ్ళకు ఆస్తి కొనుక్కునే, వారసత్వంగా ఇచ్చుకునే హక్కులిచ్చారు. చచ్చినవాళ్ళను దహనం చేసే ఆచారం మాత్రం మానుకోవాలన్నారు. మతం విడిస్తే హక్కులు పోతాయి. 1260లో తెగలు తిరగబడ్డాయి. నతంగియన్ల నాయకుడు హెర్కుస్ మొంతే చిన్నప్పుడు బందీగా జర్మనీ వెళ్ళి అక్కడే చదువుకున్నవాడు. వాళ్ళ యుద్ధ పద్ధతి నేర్చుకుని వాళ్ళ మీదే వాడాడు. 1273లో అడవిలో పట్టుకుని ఉరేశారు. 1283కి అంతా ముగిసింది. చాలామంది రైతులు వెట్టిలాంటి బతుకులోకి పోయారు, జర్మన్ రైతులు వచ్చి స్థిరపడ్డారు.

సంపద సంగతి ఇక్కడ చూడాలి. ఆర్డర్ సభ్యుడు పేదరికం ప్రమాణం చేస్తాడు, తన పేర పైసా ఉండకూడదు. ఆర్డర్‌కు మాత్రం కోటలు, ఊళ్ళు, మిల్లులు, ధాన్యం వ్యాపారం, ఏకంగా ఒక రాజ్యం. సాంబియా తీరానికి అలలు అంబర్ని తెచ్చి పడేస్తాయి. పాతకాలపు చెట్ల బంక గట్టిపడి రాయిలా మారినది అది. అదంతా ఆర్డర్‌దే అన్నారు. ఏరినవాళ్ళు అప్పజెప్పాలి, దాచుకుంటే ఉరికంబం. దాన్ని బ్రూజ్, ల్యూబెక్ నగరాల్లో జపమాలలు చేసేవాళ్ళకు అమ్మేవారు. తన ఊరి అడవిలో కట్టె కొట్టి జరిమానా కట్టిన తాతలున్న మనకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు.

1410లో గ్రున్‌వాల్డ్ దగ్గర పోలండ్, లిథువేనియా సైన్యాలు ఆర్డర్ని చిత్తుగా ఓడించాయి. నష్టపరిహారం కట్టడానికి పన్నులు పెంచితే సొంత పట్టణాలే ఎదురు తిరిగాయి. చివరికి కిరాయి సైనికులకు జీతాలివ్వలేక తమ రాజధాని మరియన్‌బుర్గ్ కోటనే తాకట్టు పెట్టారు. వాళ్ళు దాన్ని 1457లో పోలండ్ రాజుకు అమ్మేసుకున్నారు. అంత అంబర్ అమ్మినవాళ్ళకు ఆ గతి! 1525లో అక్కడి ఆర్డర్ పెద్ద ఆల్బ్రెక్ట్ లూథర్ మతంలో చేరి, ఆ నేలని తన సొంత డచీ చేసుకున్నాడు.

ప్రష్యన్ల సంగతి? వాళ్ళ భాషలో అచ్చయి మిగిలినవి ముఖ్యంగా మూడు క్రైస్తవ ప్రశ్నోత్తర పుస్తకాలు, 1545లో రెండు, 1561లో ఒకటి. 1701లో కోనిగ్స్‌బర్గ్‌లో ఒక జర్మన్ పాలకుడు ప్రష్యా రాజుగా కిరీటం పెట్టుకున్నాడు. 1709లో మహమ్మారి వచ్చింది. ఆ భాష మాట్లాడే కొద్దిమందీ ఆ కాలంలోనే పోయారు.