1942: ఊరు విడవవద్దన్నవారు, విడిచినవారు

లక్డీకాపూల్, అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతాల్లో స్థిరపడిన పింఛనుదారుల్లో కోస్తా జిల్లాలవారు తక్కువేమీ కాదు. వారి ఇళ్ళలో పెద్దవాళ్ళు పుట్టిన తేదీలు మరచిపోయినా "బాంబులు పడిన ఏడు" మాత్రం మరచిపోలేదు. ఆ ఏడు 1942. ఏప్రిల్ 6, సోమవారం నాడు జపాను నౌకాదళ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో ఇరవైకి పైగా వర్తక నౌకలు మునిగిపోయాయి. దండయాత్ర రేపో మాపో అన్నట్లుంది. తీరం ఖాళీ కాసాగింది.

జనం పిరికివారై పారిపోయారని కొందరు తేలికగా అనేస్తారు. అంత సులువుగా తేల్చరాదు. ఫిబ్రవరి 15న సింగపూరు, మార్చి 8న రంగూను పడిపోయాయి. మార్చి 23న అండమాన్లు జపాను వశమయ్యాయి. రంగూనులో కూలి చేసుకుని బతికే తెలుగువారు వేలాదిమంది. ఉత్తర కోస్తాలో, గోదావరి జిల్లాల్లో ఎన్నో కుటుంబాలకు రంగూను అంటే పక్క ఊరి కింద లెక్క. 1941 డిసెంబరులో అక్కడ బాంబులు పడ్డాక అడవులగుండా, కొండలగుండా కాలినడకన వచ్చినవారు చెప్పింది ఒక్కటే: దొరలు తమ దారి తాము చూసుకున్నారు, మమ్మల్ని పట్టించుకున్నవారు లేరు. ఏ.ఆర్.పి. వారి ఉపన్యాసాలకన్న ఈ మాటే బలంగా నాటుకుంది.

ఆ మాట అబద్ధమని చూపవలసిన ప్రభుత్వం చేసిందేమిటి? విశాఖపై దాడి జరిగిన వారం రోజుల్లోపే, పని లేనివారు మద్రాసు నగరం విడిచి వెళ్ళడం మంచిదని ప్రకటించింది. హైకోర్టు కోయంబత్తూరుకు తరలింది. జంతుప్రదర్శనశాలలోని క్రూరమృగాలను కాల్చి చంపారు. ఆంధ్ర విశ్వకళా పరిషత్తు విశాఖ వదిలి గుంటూరు చేరింది. ఫైళ్ళు బండి ఎక్కుతుంటే బంట్రోతు మాత్రం ధైర్యంగా కూర్చోవాలనడం ఎక్కడి న్యాయం? ఆఫీసుల్లో బతుకు గడిపిన మనకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఇంగ్లండులో 1940లో ఇదే ప్రశ్న వచ్చింది. ఫ్రాన్సులో లక్షలాది జనం రోడ్లెక్కడంతో సైన్యం కదలలేకపోయింది. అది చూసి, శత్రువు దిగితే ఉన్నచోటనే ఉండండని బ్రిటిషు ప్రభుత్వం ఇంటింటికీ కరపత్రం పంచింది. అక్కడ ఆ మాట చెప్పిన ప్రభుత్వం వారిదే. ఇక్కడ ఆ మాట చెప్పే హక్కు ఎవరికుంది?

రాజాజీ పట్టుకున్న కీలకం ఇదే. ప్రజలెన్నుకున్న మంత్రివర్గం మద్రాసులో తిరిగి ఏర్పడితేనే జనాన్ని కూడగట్టి రక్షణకు నిలపగలమని ఆయన వాదన. ఏప్రిల్ 23న మద్రాసు శాసనసభా కాంగ్రెసు పక్షం చేత ఆ మేరకు తీర్మానం చేయించారు. అయితే దానితోపాటు ముస్లింలీగు కోరికను ఒప్పుకోవాలన్న తీర్మానం కూడా ఉండడంతో అసలు విషయం ఆ గొడవలో కొట్టుకుపోయింది. జూలైలో ఆయన కాంగ్రెసునే వదిలారు. నా మటుకు నాకు ఆ మొదటి తీర్మానం మీద జరగవలసినంత చర్చ జరగలేదనిపిస్తుంది.

గాంధీజీది మరో దారి. మీరాబెన్‌ను ఒరిస్సా తీరానికి పంపారు. జపానువారు దిగితే వారికి ఏ సహాయమూ అందించరాదన్నది ఆయన సలహా. సహాయనిరాకరణ జరగాలంటే ముందు ఊళ్ళో మనిషి ఉండాలి కదా! కమ్యూనిస్టులు 'ప్రజాయుద్ధం' అంటూ పల్లెల్లో జపాను వ్యతిరేక ప్రచారం సాగించారు. ఇన్ని పిలుపుల నడుమ ఆగస్టులో క్విట్ ఇండియా వచ్చింది. నాయకులు జైళ్ళకు వెళ్ళారు.

బెంగాలు తీరంలో జరిగింది ఇంతకన్న ఘోరం. శత్రువుకు చిక్కకూడదని పదిమందికి మించి పట్టే పడవలను ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది, కొన్నింటిని నాశనం చేసింది. పడవ లేని బెస్తవాడు, ధాన్యం తరలించలేని రైతు ఇంట్లో ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. 1943 కరువుకు ఇదీ ఒక కారణం.

జపానువారు మన తీరాన దిగనేలేదు. విశాఖలో 1941 జూన్‌లో రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన సింధియా ఓడల కార్ఖానా పనులు దాడి తరువాత కుంటుపడ్డాయి. అక్కడ కట్టిన 'జల ఉష'ను నెహ్రూ నీటిలోకి దింపేసరికి 1948 మార్చి 14 వచ్చింది.