కోరంగి పేరు మోసిన ఓడ



మన పెరియపాళయంలో భవానీ అమ్మవారి గుడి దగ్గర పారే ఆరణి ఏరు ఎక్కడికి పోతుందో మీకు తెలుసు. ఆంధ్రలో పిచ్చాటూరు దిక్కు నుంచి వచ్చి, ఊత్తుకోట మీదుగా మన ఊరు దాటి, పళవేర్కాడు సరస్సులో కలుస్తుంది. 17వ శతాబ్దంలో ఆ పళవేర్కాడు డచ్చివారి పెద్ద రేవు. మన ప్రాంతపు నేతబట్టలు అక్కడే ఓడలెక్కి తూర్పు దీవులకు పోయేవి. అదే తీరం వెంట ఉత్తరంగా పోతే, కృష్ణ దాటాక, గోదావరి సముద్రంలో కలిసే చోట ఇంకొక పాత రేవు ఉంది. దాని పేరు కోరంగి. ఆ పేరు పెట్టుకున్న ఒక తెరచాప ఓడ కథ ఈ రోజు చెప్పుకుందాం.

ఆ ఓడ పేరు 'కోరంగి ప్యాకెట్'. ప్యాకెట్ అంటే ఇక్కడ పొట్లం కాదు. టపానూ, ప్రయాణికులనూ, సరుకులనూ మోసుకుపోయే ఓడను ఆ రోజుల్లో ఇంగ్లీషువారు అలా పిలిచేవారు.

ఓడకు కోరంగి పేరు పెట్టడంలో వింతేమీ లేదు. 19వ శతాబ్దం మొదట్లో పెద్ద ఓడలను మరమ్మతు చేయగల రేవులు మన తూర్పు తీరంలో బహు తక్కువ. వాటిలో కోరంగి ముఖ్యమైనది. అక్కడ కొత్త ఓడలూ కట్టేవారు. అక్కడి నుంచి మనవాళ్లు ఓడలెక్కి బర్మా పోయారు. బర్మావాళ్లు తెలుగువారందరినీ 'కోరంగీలు' అనే పిలిచారంటే ఆ రేవు పేరు ఎంత దూరం పోయిందో చూడండి!

ఆ రేవును సముద్రం పలుమార్లు కొట్టింది. 1789 డిసెంబరులో మూడు పెద్ద అలలు ఒకదాని వెంట ఒకటి వచ్చి ఊరిని ముంచేశాయి. ఆ సంగతిని పుస్తకంలో రాసినవాడు కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్. 'సైక్లోన్' అనే మాటను పుట్టించింది ఆయనే. 1839 నవంబరులో మళ్లీ తుపాను వచ్చింది. అప్పుడు మూడు లక్షల మంది చనిపోయారని చాలామంది రాశారు గానీ, ఆ లెక్కను అందరూ ఒప్పుకోరు. నష్టం మాత్రం ఘోరమైనదే.

ఆరేళ్లు గడిచాయి. 1845లో, కోరంగికి వేల మైళ్ల దూరాన, ఆస్ట్రేలియాకు ఈశాన్యంగా ఉన్న పగడాల సముద్రంలో 'కోరంగి ప్యాకెట్' పగిలిపోయింది. అది తుపానులకంటే పగడపు దిబ్బలకే నావికులు ఎక్కువ భయపడే చోటు. పగడం అంటే మనకు ఉంగరంలో రాయి. అక్కడ మాత్రం అది నీళ్ల అడుగున ఏళ్ల తరబడి పెరిగి గోడ కడుతుంది. పైకి నీలి నీళ్లే కనబడతాయి. గాలివాటున పోయే తెరచాప ఓడ, దిబ్బను చూసిన తరువాత ఆగనూ లేదు, చటుక్కున తిరగనూ లేదు.

ఓడ పోయింది. పేరు మిగిలింది. అది పగిలిన చోట ఉన్న రెండు చిన్న దీవులకు కోరంగి దీవులని పేరు వచ్చింది. రెండూ కలిపి అర చదరపు కిలోమీటరు కూడా ఉండవు. మనుషుల కాపురం లేదు. పక్షులు గూళ్లు కడతాయి, తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఆస్ట్రేలియా పటంలో ఇప్పటికీ ఆ తెలుగు ఊరి పేరే ఉంది.

మరి అసలు కోరంగి ఏమైంది? తుపానులు కొట్టినా ఆ రేవు మళ్లీ లేచింది. దాన్ని చివరికి పడగొట్టింది గోదావరి తెచ్చిన ఒండ్రు. ఏటేటా మేట వేసి దారి మూసేసింది. వ్యాపారం కాకినాడకు తరలిపోయింది. ఒకప్పటి రేవు చుట్టూ ఇప్పుడు మడ అడవులు ఉన్నాయి. ఓడను పగడం ముంచింది, రేవును ఒండ్రు ముంచింది. రెండూ చప్పుడు లేకుండా పెరిగినవే.

ఈ మాట మనకు దూరంది కాదు. పళవేర్కాడు ముఖద్వారంలోనూ ఇసుక మేట వేస్తుంది. ద్వారం మూసుకుంటే పడవలు సముద్రంలోకి పోలేవు, ఉప్పునీరు లోపలికి రాదు, చేపలూ రొయ్యలూ తగ్గిపోతాయి. ఇసుక తీయించమని జాలరులు అడిగేది అందుకే. తుపాను వస్తే రేడియోలో హెచ్చరిక చెబుతారు. ఇసుకకు హెచ్చరిక ఉండదు. కనిపెట్టి అడిగేవాళ్లే దానికి హెచ్చరిక. జాలరులు అడిగినప్పుడు, ఏటికి ఎగువన ఉన్న మనమూ వాళ్లతో గొంతు కలపాలి. పేరొక్కటే మిగిలిన రేవు ఈ తీరానికి ఒకటి చాలు.