పాత సోమశిల మీదుగా

కృష్ణ నిండుగా ఉంది. పుష్కర ఘాటు మెట్లు చాలావరకు నీళ్లలోనే ఉన్నాయి. కార్తీక మాసం, ఆదివారం, పొద్దున తొమ్మిదిన్నర. తడి చీరలతో ఆడవాళ్లు ఆకుల మీద దీపాలు పెట్టి వదులుతున్నారు. అవి రెండు బారలు పోయి, గాలికి తిరిగి మెట్ల దగ్గరికే వస్తున్నాయి. అమ్మ ఒక పక్కగా నిలబడి చెంగు కొసన కట్టుకున్న ముడిని మళ్లీ తడిమి చూసుకుంటోంది. ఆ ముడిలో ఏముందో మా ఊరు గట్టులో బయల్దేరినప్పటి నుంచి చెప్పలేదు.

తెల్లారకముందే కారెక్కాం. గద్వాల, ఎర్రవల్లి చౌరస్తా, బీచుపల్లి వంతెన. పెబ్బేరు దగ్గర కుడికి తిరిగితే కొల్లాపూర్, అక్కడి నుంచి సోమశిల. మాది నడిగడ్డ. అటు కృష్ణ, ఇటు తుంగభద్ర, మధ్యలో మేము. రెండు నదుల నడుమ ఉండి కూడా గట్టు చేలు వాన కోసం ఆకాశం చూసే చేలే. మా ఎత్తిపోతల పథకానికి 2018 జూన్‌లో శంకుస్థాపన చేశారు. జూరాల గేట్లు ఎత్తిన నీళ్లు, సుంకేసుల దాటిన నీళ్లు మా పక్క నుంచే పోయి అలంపూర్ దిగువన కలిసి ఇక్కడికొచ్చి ఆగుతాయి. ఇవే శ్రీశైలం వెనుక జలాలు. అమ్మ పుట్టిన ఊరు వీటి కిందే ఉంది. పాత సోమశిల.

ఊరు ఖాళీ చేయించిన 1981లో అమ్మకు పద్నాలుగేళ్లు. తర్వాత మూడేళ్లకు గట్టుకు కోడలై వచ్చింది, మగ్గాల ఇంటికి. పండక్కో చావుకో కొత్త సోమశిలకు వచ్చి పోయేది కానీ నీళ్ల మీదికి ఎప్పుడూ పోలేదు. మొన్న దసరాకు నా కొడుకు ఫోన్లో లాంచీ వీడియో చూపిస్తే చాలాసేపు చూసి, "నన్ను ఒకసారి తీస్కపో బిడ్డా" అంది. తన యాభై ఎనిమిదేళ్లలో నన్ను ఆమె అడిగింది అదొక్కటే.

"గంటన్నర షికారు, సంగమేశ్వరం దాకా" అని ఫ్లెక్సీ మీద పెద్ద అక్షరాలు. టికెట్ల దగ్గర లైను చెట్టు కింది చేపల బండి దాకా ఉంది. హైదరాబాద్ నుంచి రెండు బస్సుల జనం, కాలేజీ పిల్లలు, వనపర్తి నుంచి వచ్చిన ఒక పెళ్లివారు. రెండంతస్తుల లాంచీ, కింద అద్దాల హాలు, పైన రెయిలింగు వేసిన డెక్కు. ఒడ్డుకు ఆనుకొని నిలబడితే ఊళ్లోని రెండంతస్తుల మేడంత ఉంది. నా కొడుకు మెడ పైకెత్తి చూసి, "అవ్వా, ఇది మునగదు కదా?" అన్నాడు. అమ్మ వాడి నోరు మూసింది. ఈ ఒడ్డున ఆ మాట అనరు. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి 61 మంది పోయారు. ఆ కృష్ణ ఇదే. సోమశిల నుంచి సిద్ధేశ్వరానికి వంతెన కావాలని జనం అడుగుతూ వచ్చిందంతా ఆ శవాల లెక్క గుర్తుపెట్టుకునే. 2022 అక్టోబరులో 1,082 కోట్లు మంజూరయ్యాయి.

పలక మీదుగా లాంచీలోకి ఎక్కుతుంటే చేతికి తలొక లైఫ్ జాకెట్ ఇచ్చారు. కచ్చులూరు దగ్గర గోదావరిలో 2019 సెప్టెంబరులో జరిగిన పడవ ఘోరం తర్వాత వీటి మీద పట్టింపు పెరిగింది. ఆ పట్టింపు మంచిదే. కానీ అమ్మకొచ్చిన జాకెట్‌కు రెండు బకిల్స్‌లో ఒకటి లేదు. నాది విప్పి ఆమెకు తొడిగాను. నారింజ రంగు జాకెట్ గడ్డం దాకా వచ్చింది. చెంగు ముడి దాని కింద ఇరుక్కుపోయింది. అమ్మ జాకెట్ లోపలికి చెయ్యి పెట్టి ముడిని బయటికి లాక్కొని గుప్పిట్లో పట్టుకుంది.

కింది హాలులో బస్సు సీట్ల లాంటి సీట్లు. అందరూ పైకి పరుగెత్తడంతో మాకు కిటికీ పక్కనే చోటు దొరికింది. దొరికిందన్న సంతోషం ఎంతోసేపు లేదు. అద్దానికి నల్ల ఫిల్ము, దాని మీద ఎండిపోయిన నీటి మరకలు. ఆ అద్దంలోంచి కృష్ణ రాత్రిపూట చెరువులా కనబడుతోంది. ఇంజను మొదలవగానే కాళ్ల కింద రేకు అదిరింది. డీజిల్ వాసన, ఎవరో విప్పిన పులిహోర వాసన, మూసిన హాలులో రెండూ కలిసి కడుపులో తిప్పుతున్నాయి. అమ్మ రెండు నిమిషాలు కూర్చుంది. "ఈడ గాదు బిడ్డా. నాకు గుట్ట కనపడాలె" అని లేచింది.

మెట్లు ఎక్కి పైకొస్తే నిలబడటానికే చోటు లేదు. రెయిలింగు పొడవునా మూడు వరసల మనుషులు, వాళ్ల చేతుల్లో ఫోన్లు. రెండు మూలలా స్పీకర్లు, సినిమా పాటలు. పాట ఎంత గట్టిగా ఉందంటే పక్కనున్న నా మాట అమ్మకు వినబడలేదు, చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాల్సి వచ్చింది. కాలేజీ పిల్లలు ఎగురుతున్నారు. పిల్లలు కదా, ఎగరనీ, వాళ్ల మీద నాకు కోపం లేదు. ఎవరి ఊరి మీద ఎగురుతున్నామో వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఇద్దరు ముగ్గుర్ని బతిమాలి అమ్మను ఒక స్తంభం పక్కకు చేర్చాను. ఇప్పుడు ఆమెకు ఒక జానెడు సందులోంచి నీళ్లు కనబడుతున్నాయి, దాని మీద నల్లమల గుట్టలు. పచ్చగా, దగ్గరగా, ఒకదాని భుజం మీద ఒకటి. గాలి చల్లగా తగిలింది. ఆ ఒక్క క్షణం మాత్రం ఈ ప్రయాణం మేం అనుకున్నట్టే ఉంది.

అమ్మ ఊరిని వెతుకుతోంది. వెతకడానికి ఆమె దగ్గరున్న గుర్తు ఒక్కటే. "మా అరుగు మీద తూర్పు మొకం పెట్టి కూసుంటే ఆ కొన గుట్ట కుడిచెయ్యి దిక్కు ఉండేది. దాని ముక్కు మీదికి చింతచెట్టు కొమ్మ వచ్చేది." చెట్టు లేదు, అరుగు లేదు. గుట్ట ఉంది. కనుక ఆ గుట్ట ఏ చోటి నుంచి చూస్తే కుడిచేతి వైపు అదే వంపుతో కనబడుతుందో ఆ చోటు కిందే ఇల్లు ఉండాలి. అమ్మ తూర్పుకు తిరిగి నిలబడింది. లాంచీ కదులుతుంటే గుట్ట కూడా మెల్లగా జరుగుతోంది. "ఇంకొంచెం... ఇంకొంచెం ముందుకు పోవాలె" అని తనలో తానే అంటోంది. నా కొడుక్కు విషయం అర్థమై, అవ్వ ఎదుట నిలబడ్డ సెల్ఫీ వాళ్లను "అంకుల్, కొంచెం జరగండి, మా అవ్వ ఇల్లు చూస్తోంది" అని జరుపుతున్నాడు. వాళ్లు నవ్వి నీళ్ల వైపు చూశారు. ఇల్లెక్కడుందో వాళ్లకు కనబడలేదు.

పాట ఆగి మైకులో ఒక కుర్రాడి గొంతు వచ్చింది. సప్తనదీ సంగమం గురించి చెప్తున్నాడు. కృష్ణ, వేణి, తుంగ, భద్ర, భీమరథి, మలాపహారిణి, భవనాశి. పేర్లు తప్పు లేకుండా చెప్పాడు. సంగమేశ్వరుడి గుడి ఇప్పుడు నీళ్లలో ఉందనీ, వేసవి ముందు నీళ్లు తగ్గితే బయటపడుతుందనీ, లోపల వేప మొద్దు లింగమనీ చెప్పాడు. అన్నీ నిజాలే. గుడి గురించి చెప్పాక పాట మళ్లీ మొదలైంది. ఊళ్ల మాట రాలేదు.

అమ్మ నన్ను పట్టుకొని జనంలోంచి ఆ కుర్రాడి దగ్గరికి పోయింది.

"నాయినా, పాత సోమశిల ఏ దిక్కొస్తది?"

"పాతదా? సోమశిల మనం ఎక్కిందే కదమ్మా."

"అది గాదు. మునిగింది."

కుర్రాడు పాపం నిజంగానే ఇబ్బంది పడ్డాడు. "నాకు తెల్వదమ్మా. నాది ఈడ గాదు, పనికొచ్చిన" అన్నాడు.

వాణ్ని తప్పుపట్టను. వాడికి రాసిచ్చిన కాగితంలో లేదు, అంతే. కానీ కాగితం రాసినవాళ్లకు తెలిసి ఉండాలి. శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో పునాదిరాయి వేశారు. 885 అడుగుల నీటిమట్టం అని గీత గీస్తే ఆ గీత లోపల వందకు పైగా ఊళ్లు పడ్డాయి, లక్ష మంది దాకా మనుషులు. ఆ గీత మీదే ఇప్పుడు మా లాంచీ తిరుగుతోంది. జటప్రోలు మదనగోపాలస్వామి గుడిని రాయి రాయి విప్పి పైకి తెచ్చి మళ్లీ కట్టారు. సోమశిల సోమేశ్వరుణ్ణీ ఒడ్డు మీదికి తెచ్చారు. రాళ్లకు నంబర్లు వేసి తెచ్చారని అమ్మ చెప్తుంది, పిల్లలు ఆ అంకెలు చదువుతూ ఆడుకునేవాళ్లట. ఇళ్లకు నంబర్లు వేయలేదు. దూలాలు, తలుపులు పీక్కొని బండ్లలో వేసుకొని ఎవరికి వాళ్లు పోయారు. ఇంటికొక ఉద్యోగమని 1986లో జీవో 98 వచ్చింది. కొల్లాపూర్ వైపు ముంపు ఇళ్లలో ఆ అంకె తెలియని ముసలివాళ్లు ఉండరు. మా చిన్నమామ జేబులో ఆ కాగితం నకలు మడత దగ్గర చిరిగేదాకా ఉండింది.

ఈ లాంచీ మీద ఒక రేకు బోర్డు పెట్టి మునిగిన ఊళ్ల పేర్లు రాస్తే ఎంత ఖర్చవుతుంది? పాట రెండు నిమిషాలు ఆపి ఆ పేర్లు మైకులో చదివితే ఎవరి షికారు చెడుతుంది? మా అమ్మలాంటి వాళ్లు ఒక్క ట్రిప్పులో ఒక్కరున్నా తన ఊరి పేరు నీళ్ల మీద వినబడితే చాలు. నాకు ఆ రోజు ఇరుకు కన్నా, డీజిల్ వాసన కన్నా, తెగిన బకిల్ కన్నా ఎక్కువ బాధ పెట్టింది ఇదే.

మళ్లీ స్తంభం దగ్గరికొచ్చాం. గుట్ట కొన దాదాపు కుడిచేతి వైపుకు వచ్చేసింది. అమ్మ గుప్పిట విప్పి ముడి విప్పబోతోంది. సరిగ్గా అప్పుడే కాళ్ల కింద రేకు ఇంకో రకంగా అదిరింది. లాంచీ ఒరిగినట్టయి, గుట్టలన్నీ ఒక్కసారిగా పక్కకు జరిగాయి. తిప్పేస్తున్నారు. ఫోను చూశాను. బయల్దేరి ముప్పై అయిదు నిమిషాలు.

"సంగమేశ్వరం దాకా అన్నారు కదా!" అని పెళ్లివారిలో ఒకాయన అరిచాడు. ఇంకా నలుగురు గొంతు కలిపారు. ఒడ్డున రెండో బ్యాచ్ ఎదురుచూస్తోందని, ఆదివారాలు ఇంతేనని సమాధానం వచ్చింది. కొంతసేపు వాదన జరిగింది. నేనూ రెండు మాటలన్నాను. పాట మళ్లీ పెంచారు.

అమ్మ వాదించలేదు. మెడ తిప్పి తిప్పి గుట్టనే చూస్తోంది. నేను మనుషుల్ని తోసుకుంటూ ఆమెను వెనక రెయిలింగు దగ్గరికి తీసుకుపోయాను. ముడి విప్పి నీళ్లలో వేద్దామంటే రెయిలింగుకు కిందంతా రేకు, నీళ్లు ఎక్కడో లోతున, ఇంజను వెనక తెల్లని నురగై పోతున్నాయి. "ఈ నురగలో వేస్తే ముక్కలైతది" అని అమ్మ గుప్పిట మళ్లీ మూసింది.

ఒడ్డుకొచ్చేసరికి రెండో బ్యాచ్ వాళ్లు మేం దిగకముందే ఎక్కడం మొదలుపెట్టారు. జాకెట్లు మా ఒంటి మీంచి తీసి తిన్నగా వాళ్లకే తొడుగుతున్నారు, చెమటతోనే. నా కొడుకు ఏడుపు మొహం పెట్టాడు. "మనం పోలేదు కదమ్మా. అవ్వ ఇంటి దాకా పోలేదు కదా."

ఘాటుకు అవతలి కొసన, జనం లేని చోట, పుట్టిని బోర్లించి ఒక ముసలాయన తారు పూస్తున్నాడు. పక్కనే వల, దాంట్లో రెండు బొచ్చెలు. అమ్మ పోయి ఆయన ముందు కూర్చుంది. నాకు వినబడనంత చిన్నగా ఏదో అడిగింది. ఆయన తారు పుల్ల కింద పెట్టి అమ్మను పరకాయించి చూశాడు.

"ఎవరి బిడ్డవు?"

అమ్మ తాత పేరు చెప్పింది. ఆయన లేచి నిలబడ్డాడు. తెడ్డు తీసి నీళ్ల మీదికి చాచి, లాంచీ పోయిన వైపు కాక ఇంకాస్త ఎడమకు, ఒడ్డుకు మేం అనుకున్నదానికన్నా చాలా దగ్గరగా చూపించాడు.

"అగో, ఆ ఎగిరిన కొంగ మల్ల వాలింది చూడు. దానికి ఇవతల. మీ బజారు ఆడ. బాయి ఇంకా ఇవతల."

"నీళ్లు తగ్గినాక కనపడతదా అన్నా?"

"మొదట్ల మొండిగోడలు కనపడేవి. నడిచిపోయి చూసి ఏడ్చి వస్తుంటిమి. ఇప్పుడు ఒండ్రు. అంతా ఒండ్రే."

తొలి లెక్కలో 308 టీఎంసీలు పట్టాల్సిన జలాశయం ఇప్పుడు 215 చిల్లరే పడుతుందని పేపర్లో ఎన్నోసార్లు చదివాను. పూడిక అంటే ఏమిటో ఆ తెడ్డు చివర చూశాక అర్థమైంది. అమ్మ కూర్చున్న అరుగు మీద ఆ తేడా అంతా కూర్చుంది.

"మాఘం పోయినాక రా చెల్లె. పుట్టిల నేను తీస్కపోత. ఒండ్రైనా తొక్కి రావచ్చు" అన్నాడాయన. డబ్బుల మాట ఎత్తలేదు.

అమ్మ మెట్లు దిగింది. మోకాళ్ల దాకా నీళ్లలోకి పోయి ముడి విప్పింది. పసుపు, కుంకుమ, రెండు గాజులు, మడత పెట్టిన రవిక గుడ్డ. ఆ గుడ్డ నాకు తెలుసు. నాయిన పోయే ముందు మగ్గం మీద వదిలిన ఆఖరి నేత, నూలు నడుమకు పట్టు అంచు, కోటకొమ్మ. అందులోంచి కోసిన ముక్క. ఇన్నాళ్లూ పెట్టెలో దాచింది.

పసుపు నీళ్లలో వేస్తే చుట్టూ లేత రంగు వలయం కట్టి విరిగింది. గాజులు మునిగాయి. రవిక గుడ్డను రెండు చేతులా పరిచి వదిలింది. తడిసి నల్లబడే దాకా కోటకొమ్మ ఎర్రగా నీళ్ల మీద కనబడుతూనే ఉంది.

అప్పటికి లాంచీ రెండో బ్యాచ్‌తో కదిలింది. దాని అల వచ్చి గుడ్డను మళ్లీ మెట్టు దగ్గరికే తెచ్చింది. అమ్మ వంగి దాన్ని తీసి, ఇంకో మెట్టు కిందికి దిగి, కొంగ వాలిన దిక్కుకు తిరిగి మళ్లీ వదిలింది.