సువార్తకు ముందు పోయినవారు: ఉదయగిరి, ఆత్మకూరు క్రైస్తవంలో పరలోకం, నరకం, సర్వజన రక్షణ

ఉదయగిరిలో అమెరికన్ బాప్టిస్టు మిషను కేంద్రం 1885లో ఏర్పడింది, ఆత్మకూరులో 1893లో. అంతకు కొన్నేళ్ల ముందే, 1876–78 మధ్య, ధాత కరువు నెల్లూరు జిల్లా మెట్ట పల్లెలను కకావికలు చేసింది. నెల్లూరు పట్టణంలో మిషను 1840 నుంచే ఉన్నా, తొలి పాతికేళ్లలో దానికి దక్కిన విశ్వాసులు కొద్దిమందే. ఈ తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక ప్రశ్న ఎదురవుతుంది. పడమటి నెల్లూరులో బాప్తిస్మం పొందిన మొదటి తరానికి తల్లిదండ్రులు, తాతలు, అవ్వలు ఉన్నారు. వారిలో అత్యధికులు క్రీస్తు పేరు వినకుండానే కన్నుమూసి ఉంటారు. మరి వాళ్ల గతేమిటి?

అందరూ చివరికి రక్షణ పొందుతారా అన్న చర్చను మనవాళ్లు సాధారణంగా ఆధునిక పాశ్చాత్య ఉదారవాదం ఖాతాలో వేస్తారు. ఆ అంచనా సరికాదని నా వాదన. కుటుంబంలో మొదటివాడు విశ్వాసి అయిన రోజునే ఆ ప్రశ్న ఇంట్లోకి వస్తుంది.

మిషనరీలు వెంట తెచ్చుకున్న సిద్ధాంతంలో దీనికి సూటి జవాబుంది. అమెరికన్ బాప్టిస్టుల్లో విస్తృతంగా ఆమోదం పొందిన 1833 నాటి న్యూహాంప్‌షైర్ విశ్వాస ప్రమాణం చివరి అధికరణం, తీర్పు దినాన దుష్టులకు అంతులేని శిక్ష, నీతిమంతులకు అంతులేని ఆనందం ఉంటాయని చెబుతుంది. నడిమి మార్గం లేదు. అయితే రాసుకున్న సిద్ధాంతం కంటే ఆచరణ కొన్నిసార్లు ఎక్కువ చెబుతుంది. అందుకు ఒంగోలు మిషనరీ జాన్ క్లఫ్ ఉదంతమే సాక్ష్యం. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేది.

కరువు కాలంలో క్లఫ్ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి కల్పించాడు. పని స్థలంలోనే బోధకులు సువార్త చెప్పారు, చాలామంది బాప్తిస్మం అడిగారు. కూటి కోసం వస్తున్నారన్న మాట రాకూడదని క్లఫ్ సుమారు 15 నెలలపాటు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ 15 నెలల్లో ఆకలితో, కలరాతో మనుషులు చనిపోతూనే ఉన్నారు. తలుపు తెరిచాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ ఏడాది మొత్తం మీద 9,606 మంది. సంఘ చరిత్రలు ఈ అంకెల దగ్గరే ఆగిపోతాయి. నాకు అంతకంటే ముఖ్యమనిపించేది ఆ 15 నెలల నిరీక్షణ. నీళ్లలో మునగకుండా చనిపోయినవాడు నేరుగా నరకానికే పోతాడని క్లఫ్ నమ్మి ఉంటే, చావు తాండవిస్తున్న రోజుల్లో అన్నాళ్లు ఆగడం ఏ మనిషికీ సాధ్యం కాదు. రక్షించేది విశ్వాసమేననీ, బాప్తిస్మం దానికి గుర్తు మాత్రమేననీ బాప్టిస్టులు చెప్పేది నిజమే. కానీ అడిగి, ఎదురుచూసి, పొందకుండానే పోయినవారి విషయంలో దేవుని కనికరం మీద ఆనుకోక తప్పని స్థితి అది.

మాదిగల్లో ఈ క్రైస్తవ ఉద్యమానికి ఆద్యుడు ఎర్రగుంట్ల పేరయ్య. 1866లో భార్య నాగమ్మతోపాటు బాప్తిస్మం పొందాడు. అంతకు ముందు ఆయన రాజయోగ సాధకుడు, బండికట్ల వీరమ్మ అనే గురువు బోధలో నడిచినవాడు. జాన్ క్లఫ్ భార్య ఎమ్మా రాషెన్‌బుష్ క్లఫ్ 1899లో ప్రచురించిన ‘వైల్ సూయింగ్ శాండల్స్’ ఈ వెతుకులాటను ఎంతో గౌరవంతో నమోదు చేసింది. ఆ సాధన పేరయ్యను క్రీస్తు దాకా నడిపించిందని ఒప్పుకుంటే, అదే దారిలో నడిచి సువార్త వినకుండా పోయిన తోటి సాధకులను నిత్యాగ్నికి అప్పగించడం ఎలా?

ఉదయగిరి కేంద్రం మొదలైన రోజుల్లోనే అమెరికాలో సరిగ్గా ఈ అంశం మీద పెద్ద రగడ జరిగింది. సువార్త వినకుండా చనిపోయినవారికి మరణం తర్వాత ఒక అవకాశం ఉండవచ్చని ఆండోవర్ వేదాంత కళాశాల ఆచార్యులు రాశారు. అహ్మద్‌నగర్ మిషనరీ రాబర్ట్ హ్యూమ్ సెలవు మీద స్వదేశం వెళ్లి, 1886లో ఈ అభిప్రాయాన్ని సమర్థించాడు. ఆయన్ను తిరిగి భారతదేశానికి పంపడానికి ఆయన మిషను సంస్థ అమెరికన్ బోర్డు వెనుకాడింది. 1887లో గానీ పంపలేదు. పూర్వీకులను మరవని భారతీయుల మధ్య పనిచేసినవాడు ఈ మాట ఎత్తాడంటే ఆశ్చర్యమేముంది?

లేఖనం ఒక్క వైపే మాట్లాడదు. మత్తయి 25 నిత్యశిక్ష గురించి చెబుతుంది, ప్రకటన 20 అగ్నిగుండం గురించి. మరోవైపు 1 కొరింథీయులు 15, కొలొస్సయులు 1 సమస్తమూ క్రీస్తులో సమాధానపడటాన్ని చూపుతాయి. 1 పేతురు 3, 4 అధ్యాయాలు మృతులకు ప్రకటించిన సువార్తను ప్రస్తావిస్తాయి. మూడో శతాబ్దంలో ఓరిగెన్ అంతా పునరుద్ధరణ పొందుతుందని ఆశించాడు. ఆయన పేరుతో ముడిపడిన బోధలు 553లో ఖండనకు గురయ్యాయి. అదే ఆశను వ్యక్తం చేసిన నిస్సా గ్రెగొరీని మాత్రం సంఘం ఈనాటికీ పరిశుద్ధుడిగా గౌరవిస్తోంది. దుష్టులు చివరికి లేకుండా పోతారన్న నాశనవాదం మరో పాయ. సెవెంత్‌డే అడ్వెంటిస్టుల బోధ అదే. కథోలికుల బోధలో, మరణం తర్వాత ఆత్మలు శుద్ధి పొందే ఉత్తరించు స్థలం ఉంది. తమ తప్పు లేకుండా సువార్త ఎరగనివారు, మనస్సాక్షిని అనుసరించి నడిస్తే, రక్షణ పొందవచ్చని 1964లో రెండో వాటికన్ మహాసభ ప్రకటించింది. 1928లో ఏర్పడిన నెల్లూరు మేత్రాసనం విశ్వాసులకూ ఆ బోధే వర్తిస్తుంది.

సర్వజన రక్షణ మీద నేను బలమైనదిగా భావించే అభ్యంతరం మాత్రం ఈ గ్రంథాల్లోంచి రాదు, పల్లె అనుభవంలోంచి వస్తుంది. లూకా 16లోని ధనవంతుడు, లాజరు కథ మన సువార్త సభల్లో పదేపదే వినిపిస్తుంది. తరతరాలు వెట్టి చేసినవారికి, ఊరిబావి నీళ్లు దక్కనివారికి ఆ కథ భయపెట్టేది కాదు. అన్యాయం లెక్క ఎక్కడో తేలుతుందన్న భరోసా అది. కొట్టినవాడూ దెబ్బలు తిన్నవాడూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారని తేలిగ్గా చెబితే ఆ భరోసాను లాక్కున్నట్టే. కాబట్టి తీర్పు లేని సర్వజన రక్షణను నేను అంగీకరించలేను. గ్రెగొరీ చెప్పిన అగ్ని దోషాన్ని కాల్చి మనిషిని శుద్ధి చేసేది, నొప్పి లేనిది కాదు. లూకా 19లో జక్కయ్య అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తానన్న తర్వాతే ఆ ఇంటికి రక్షణ వచ్చిందన్న మాట వినిపిస్తుంది. ఆ క్రమం ముఖ్యం. తిరిగి చెల్లించిన దొర లాజరు పక్కన కూర్చోవడాన్ని ఆశించవచ్చు. చెల్లించని దొరకు ఆ చోటు లేదు.

లూకా 16లోనే మరో సంగతి ఉంది. యాతనలో ఉన్న ధనవంతుడు తన అయిదుగురు అన్నదమ్ముల కోసం వేడుకుంటాడు. నరకంలో ఉన్నవాడికే తోబుట్టువుల మీద అంత ఆరాటం ఉంటే, పరలోకంలో ఉన్నవారు తమ తాతలను మరిచి సుఖంగా ఉండగలరా?

భూస్థాపన కూడికలో, ఆ తర్వాత ఆదరణ కూడికలో, పోయినవారు ప్రభువునందు నిద్రించారని చెబుతాం. సమాధి రాతి మీదా అదే చెక్కిస్తాం. ఆ ఇంట్లోనే బాప్తిస్మం లేకుండా పోయిన అత్తకో బావకో చెప్పడానికి మాట దొరకదు. ప్రసంగీకుడు ఆ ఇంటివాళ్ల ముందే నరకం పేరెత్తి హెచ్చరించడం క్రూరత్వం. అది సిద్ధాంత నిష్ఠ అనిపించుకోదు. కనికరానికి హద్దు గీసే అధికారం బోధకుడికి లేదు. అందరూ రక్షణ పొందాలని దేవుడు కోరుతున్నాడన్న 1 తిమోతి 2 మాటను ప్రార్థనగా పలకడానికి బాప్టిస్టు విశ్వాసం ఏ విధంగానూ అడ్డు కాదు.

ఉదయగిరి, ఆత్మకూరు సంఘాల పెద్దలకు, సంఘ చరిత్రలు రాసేవారికి ఒక విన్నపం. బాప్తిస్మాల అంకెలు ఇప్పటికే గ్రంథాల్లో ఉన్నాయి. మొదటి తరం విశ్వాసులు తమ పూర్వీకుల గురించి ఏం నమ్మారో, ఎలా ప్రార్థించారో ఇళ్లలో వృద్ధులకు ఇంకా గుర్తుండవచ్చు. అది వాళ్లతోపాటు పోకముందే అడిగి రాసి పెట్టండి.