అధ్యక్షుడు లేని దేశంలో అధ్యక్ష జోస్యం

న్యూజీలాండుకు అధ్యక్షుడు లేడు. అయినా అమెరికా అధ్యక్షుడెవరో ముందే అంచనా కట్టే బజారు ఒకటి మన వెల్లింగ్టన్ చలవేనని ఇక్కడ పెరుగుతున్న మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

విక్టోరియా విశ్వవిద్యాలయం 2008లో ఐప్రెడిక్ట్ ను మొదలుపెట్టింది. ఫలానా అభ్యర్థి గెలిస్తే డాలరు, ఓడితే సున్నా ఇచ్చే చీటీలను అక్కడ జనం కొనేవారు, అమ్మేవారు. చీటీ 60 సెంట్లు పలికితే, గెలిచే అవకాశం నూటికి 60 అని బజారు మాట. కోడిపందేలు ఎరిగిన మనకు ఇది కొత్తేమీ కాదు. కాకపోతే ఇక్కడ పందెం మధ్యలోనే చీటీ అమ్ముకుని బయటపడొచ్చు!

నల్లధనాన్ని తెల్లగా మార్చడాన్ని అరికట్టే చట్టం నుంచి మినహాయింపు ఇవ్వడానికి 2015లో ప్రభుత్వం ఒప్పుకోలేదు. దాంతో ఐప్రెడిక్ట్ ను మూసేయక తప్పలేదు. అయితే 2014లోనే అదే విశ్వవిద్యాలయం పేర అమెరికాలో ప్రెడిక్టిట్ వెలిసింది. చదువు, పరిశోధనల కోసమని అక్కడి నియంత్రణ సంస్థ అనుమతించింది. అప్పట్లో ఒక్కో చీటీ రకం మీద మనిషికి 850 డాలర్లే హద్దుగా ఉండేది.

2016లో ఆ బజారు క్లింటన్ వైపు మొగ్గింది, గెలిచింది ట్రంప్. అందరూ నవ్వారు. ఆ నవ్వులో సగమే న్యాయం ఉందంటాను. ధర 80 సెంట్లున్నా ఐదింట ఒక ఓటమి అందులోనే ఉంటుంది. జనమే దాన్ని జాతకంలా చదివారు. మిగతా సగం మాత్రం బజారు తప్పే. కొన్నవాళ్ళలో ఎక్కువమంది అవే సర్వేలు చూసి కొన్నారు. వేలమంది చెప్పినా అది ఒక్కరి మాటే అయింది.

విశ్వవిద్యాలయం షరతుల ప్రకారం నడపలేదంటూ 2022లో ఆ సంస్థ అనుమతిని వెనక్కి తీసుకుంది. 2023 జులైలో అప్పీళ్ళ కోర్టు ఆ మూసివేతను ఆపింది.