మొటిమలకు కెమికల్ పీల్: ఏ ఆమ్లం, ఎంత లోతు, ఎవరికి వద్దు

మొటిమలకు మాత్రలు, పూతమందులతో పాటు వైద్యులు సూచించే చికిత్సల్లో కెమికల్ పీల్ ఒకటి. ఆమ్ల ద్రావణాన్ని ముఖంపై నిర్ణీత సమయం ఉంచి, చర్మం పైపొర ఊడిపోయేలా చేయడం ఈ పద్ధతి. కొద్ది రోజుల్లో ఆ స్థానంలో కొత్త పొర ఏర్పడుతుంది. ముఖం తెల్లబడే చికిత్సగా దీనికి జరుగుతున్న ప్రచారం సరైనది కాదు. ఇది వైద్యుడు కొలత ప్రకారం చేసే గాయం. కొలత తప్పితే మొటిమ పోయిన చోట అంతకంటే నల్లని మచ్చ మిగులుతుంది.

పద్ధతి కొత్తదేమీ కాదు. సాలిసిలిక్ ఆమ్లం, ఫినాల్, ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం చర్మంపై చూపే ప్రభావాన్ని జర్మన్ చర్మవైద్యుడు పాల్ ఉన్నా 1882లోనే వివరించారు. నేటి క్లినిక్‌లలోనూ ఈ పేర్లే వినిపిస్తాయి.

మొటిమ పుట్టేది చర్మరంధ్రంలో. తైలగ్రంథులు స్రవించే జిడ్డు, రాలిపోవలసిన మృతకణాలు కలిసి రంధ్రాన్ని మూసివేస్తాయి. లోపల బ్యాక్టీరియా పెరిగి వాపు వస్తుంది. సాలిసిలిక్ ఆమ్లానికి నూనెలో కరిగే గుణం ఉండడంతో అది జిడ్డును దాటి రంధ్రంలోకి దిగి, అడ్డుపడిన కణాలను విడదీస్తుంది. వాపును కూడా తగ్గిస్తుంది. దీనిని సాధారణంగా 20 నుంచి 30 శాతం గాఢతలో వాడతారు. పూసిన కొద్ది నిమిషాలకు ముఖంపై తెల్లని పొడి తేలుతుంది. చాలామంది భయపడినట్లు అది చర్మం కాలిన గుర్తు కాదు, ద్రావకం ఆరిపోగా మిగిలిన ఆమ్ల స్ఫటికాలు. బ్లాక్‌హెడ్స్, వైట్‌హెడ్స్, జిడ్డు చర్మం ఉన్నవారికి ఇది ఎక్కువగా ఉపయోగపడుతుంది. నొప్పితో గడ్డల్లా వచ్చే మొటిమలకు మాత్రం పీల్ ఒక్కటే చాలదు.

చెరకులో లభించే గ్లైకాలిక్ ఆమ్లం అణువు చాలా చిన్నది. వేగంగా ఇంకుతుంది కాబట్టి గడియారం చూస్తూ, చర్మం ఎర్రబడగానే సోడియం బైకార్బొనేట్ ద్రావణంతో దాని చర్యను ఆపాలి. మాండెలిక్ ఆమ్లం అణువు పెద్దది, నెమ్మదిగా ఇంకుతుంది, సున్నితమైన చర్మానికి నప్పుతుంది. మొటిమలు మిగిల్చిన లోతైన సన్నని గుంతలకు ఇటువంటి పైపై పీల్స్ పెద్దగా పనిచేయవు. గాఢమైన ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లాన్ని ఒక్కొక్క గుంతలో అద్దే 'క్రాస్' పద్ధతి వాటికి ఉంది. ఫినాల్‌తో చేసే లోతైన పీల్ గుండె లయను దెబ్బతీయగలదు, ఛామనఛాయ చర్మంలో శాశ్వతంగా రంగు పోగొట్టగలదు.

ఫిట్జ్‌పాట్రిక్ వర్గీకరణ ప్రకారం భారతీయుల్లో ఎక్కువ మంది చర్మం 4, 5 రకాల్లోకి వస్తుంది. ఈ చర్మంలోని మెలనిన్ ఎండ నుంచి కొంత కాపాడుతుంది, కానీ చిన్న వాపు వచ్చినా నల్లమచ్చ వేస్తుంది. అందుకే ఇక్కడ తక్కువ గాఢతతో మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాల వ్యవధితో నాలుగు లేదా ఆరు విడతలుగా చేస్తారు. పీల్ తరువాత ఊడుతున్న పొరను గిల్లకూడదు. ఎండలు మండే తెలుగు రాష్ట్రాల్లో సన్‌స్క్రీన్ లేకుండా ఈ చికిత్సకు సిద్ధపడడం అవివేకం. పెళ్లికి వారం రోజుల ముందు మొదటిసారి పీల్ చేయించుకోవడమూ అంతే.

గర్భిణులకు, ఆస్పిరిన్ పడనివారికి సాలిసిలిక్ పీల్ వద్దు. ముఖంపై హెర్పిస్ పొక్కులు, పుండ్లు ఉంటే ఏ పీల్ అయినా వాయిదా వేయాలి. ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్న సంగతి వైద్యునికి ముందే చెప్పాలి. మన దేశంలో మరో సమస్య ఉంది. చీటీ లేకుండా కొని, ఫెయిర్‌నెస్ క్రీములుగా నెలల తరబడి రాసుకునే స్టెరాయిడ్ క్రీములు చర్మాన్ని పలుచన చేస్తాయి. అటువంటి ముఖంపై ఆమ్లం పడితే తీవ్రమైన మంట, గాయం తప్పవు. ముందు ఆ క్రీమును వైద్యుని పర్యవేక్షణలో మాన్పించవలసి ఉంటుంది.

ఆన్‌లైన్‌లో దొరికే గాఢమైన ద్రావణాలను ఇంట్లో వాడితే రసాయన గాయాలు కావచ్చని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2024 జులైలో హెచ్చరించింది. ఒకటి రెండు శాతం సాలిసిలిక్ ఆమ్లం ఉండే ఫేస్‌వాష్ వేరు, ముప్ఫై శాతం ద్రావణం వేరు. పీల్ తరువాత బొబ్బలు లేచినా, చీము పట్టినా, ఎరుపు రోజుల తరబడి తగ్గకపోయినా చికిత్స చేసిన వైద్యుని వెంటనే సంప్రదించాలి.