ఇత్తడి బంటు

చక్ కీ ఇంకా లేత్ చక్‌లోనే ఉంది. తీసేయండి. అలాగే మోటారు వేస్తే అది ఎగిరి మొహం మీదికే వస్తుంది. గ్లోవ్స్ కూడా వద్దు. తిరిగే కడ్డీకి గుడ్డ చిక్కిందా, చేయి దాని వెంటే పోతుంది. కళ్లద్దాలు మాత్రం ఉండాల్సిందే.

స్విచ్ నొక్కారు. 25 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీ గిర్రున తిరుగుతోంది. టూల్ ఆనగానే సన్నటి పొట్టు మణికట్టు మీద వేడిగా చిందుతోంది. టూల్ పైభాగం చదునుగా ఉంది చూడండి. ఉక్కుకు పెట్టే వాలు దీనికి పెడితే ఇత్తడిని కరిచేసి లోపలికి దూసుకుపోతుంది.

రెండు చేతులతో రెండు హ్యాండిళ్లు కలిపి తిప్పుతున్నారు. కడ్డీ కొసన గుండ్రటి తల తేలుతోంది. కింద పట్టీ, సన్నటి నడుము, వెడల్పాటి పీఠం. 1849లో లండన్‌లో జేక్స్ సంస్థ అమ్మకానికి తెచ్చిన స్టాంటన్ నమూనా ఇది. ప్రపంచ చదరంగ పోటీల్లో ఇప్పటికీ ఈ రూపమే. పీఠం ఎంత ఉండాలి? ఒక గడిలో నాలుగు బంట్లు పట్టేంత. మీ గడి 50 మిల్లీమీటర్లు. కడ్డీ మందమే సరిపోయింది.

ఇక తెంచాలి.

మోటారు ఆపి పార్టింగ్ టూల్ బిగించండి. దాని కొస సరిగ్గా కడ్డీ నడిమధ్య ఎత్తులో ఉండాలి. చక్‌కు దగ్గరగా కోస్తేనే కడ్డీ ఊగదు. అందుకే, మోటారు మళ్లీ వేశాక, చక్ దవడలు వేలెడు దూరంలో తిరుగుతున్నాయి. గాడి లోతవుతోంది. ఉన్నట్టుండి కీచుమంటోంది. లేత్ అంతా వణుకుతోంది. వెనక్కి లాగాలా? వద్దు. భయంభయంగా ఆనిస్తే టూల్ కోయదు, రాసుకుంటుంది. స్పీడ్ తగ్గించండి. హ్యాండిల్ ఒకే తీరుగా తిప్పండి. శబ్దం మారింది. కోస్తోంది. ఇంకొంచెం. బంటు ఊగింది. పడిపోతోంది. మీ చేయి లేస్తోంది.

వద్దు! పడనివ్వండి.

టక్. ట్రేలో పడింది. చక్ పూర్తిగా ఆగాకే అందుకోండి.

వేడిగా, బరువుగా ఉంది. అంచున చిన్న గీత పడింది, ఆకురాయితో పోతుంది. రాజుకు తన రంగులో జోడు లేడు, కాస్త లావైనా ఎవరికీ తెలియదు. బంట్లు అలా కాదు. ఎనిమిదీ ఒకే వరసలో నిలబడతాయి, అర మిల్లీమీటరు తేడా కూడా కంటికి పట్టుబడుతుంది. మరి మిగతా ఏడూ ఇలా చేతి అంచనాతోనే తిప్పుతారా, ఈ తల వంపుకు సరిపోయే ఫారం టూల్ ముందు చేసుకుంటారా? నన్నడిగితే ఫారం టూలే. ఒక పూట పోయినా పోనివ్వండి. అవతలి పక్షం అల్యూమినియం బంట్లకూ, కాస్త కిరోసిన్ పోస్తూ, అదే టూల్ వాడుకోవచ్చు.